కారణం తేలని తిమ్మిరికి నరం బయాప్సీ: చేయించుకోవాలో వద్దో ఎలా తేల్చుకోవాలి

అరికాళ్లు మొద్దుబారి నెలలైంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చూపించారు, విశాఖ కేజీహెచ్‌కీ వెళ్లొచ్చారు, ఫైలు లావెక్కింది గానీ కారణం మాత్రం తేలలేదు. ఇప్పుడు డాక్టరు గారు "నరం ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అన్నారు. ఆ మాటకు వెంటనే సరే అనేయకుండా, భయపడి మానేయకుండా, ఎలా ఆలోచించాలో ఇక్కడ వరసగా రాస్తున్నాం.

ముందుగా మీ కాలికి ఏం జరుగుతుందో తెలుసుకోండి. ఎక్కువగా తీసేది సూరల్ నరం. అది పిక్క వెనక నుంచి దిగి, బయటి చీలమండ వెనకగా సాగి, మడమ బయటి పక్కకూ చిటికెన వేలి వైపు అంచుకూ స్పర్శనిస్తుంది. కండరాలను కదిలించే పని దానికి లేదు. అందుకే దాన్ని తీస్తే నడక పోదు, పాదం వాలిపోదు. కానీ తీసిన ముక్క మళ్లీ మొలవదు. పాదం బయటి అంచు మొద్దుబారుతుంది. పక్క నరాలు కొంత ఆదుకోవడం వల్ల ఆ జాగా ఏడాది రెండేళ్లలో చిన్నదవుతుంది గానీ, కొంత మేర జీవితాంతం ఉండిపోతుంది. కొందరికి కోసినచోట వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మంట, పోటు ఉంటాయి. కొద్దిమందికి తెగిన నరం కొన దగ్గర చిన్న గడ్డ కట్టి, తాకితే షాక్ కొట్టినట్టు లాగుతుంది.

ఇంత నష్టానికి ఒప్పుకునేటప్పుడు బదులుగా ఏం దొరుకుతుందో తెలియాలి. అందుకే డాక్టరు గారిని అడగాల్సిన అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది: "రిపోర్టులో ఏం వస్తుందని మీరు అనుకుంటున్నారండీ? అది వస్తే నా మందుల్లో ఏం మారుతుంది?" ఫలానా జబ్బు అని అనుమానం ఉంది, తేలితే ఫలానా మందు మొదలుపెడతాం అని సూటిగా జవాబు వస్తే బయాప్సీకి అర్థం ఉంది. "ఏదైనా దొరుకుతుందేమో చూద్దాం" అంటే, ముందు చేయాల్సినవి ఇంకా మిగిలి ఉన్నాయనే లెక్క.

1. ముందు ఇది ఆగగలిగిన తిమ్మిరేనా చూడండి

మూతి వంకర పోయి ఒకవైపు చెయ్యి, కాలు ఒక్కసారిగా మొద్దుబారితే అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయండి. కాళ్లలో మొదలైన తిమ్మిరి, నీరసం రోజుల వ్యవధిలో పైకి పాకుతూ, మింగడానికో ఊపిరికో ఇబ్బంది అయితే అది గీయాన్ బారే అనే నరాల జబ్బు కావచ్చు. ఐసీయూ ఉన్న ఆస్పత్రికి ఆ రోజే చేరాలి. దానికి బయాప్సీ అక్కర్లేదు. తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోయి మూత్రం ఆగిపోతే అదే రోజు వెన్నెముక ఎమ్మారై కావాలి.

ఇంకోటుంది. దాంట్లో బయాప్సీయే త్వరగా జరగాలి. ఒక కాలి పాదం నొప్పితో ఉన్నట్టుండి వాలిపోతుంది. కొన్ని రోజులకో వారాలకో రెండో వైపు చెయ్యి వాలుతుంది. వెంట జ్వరం, బరువు తగ్గడం, కాళ్ల మీద ఊదారంగు మచ్చలు, ఆయాసం ఉండొచ్చు. నరాలకు రక్తం అందించే సన్నని నాళాలు వాచి మూసుకుపోవడం వల్ల ఇలా అవుతుంది. దీన్ని వాస్క్యులైటిస్ అంటారు. ఎన్ని రోజులు ఆలస్యమైతే అంత నరం పోతుంది. ఇలాంటి లక్షణాలుంటే కింద రాసిన పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా అయ్యేవరకు ఇంట్లో కూర్చోకండి. అన్నీ ఆస్పత్రిలోనే ఒకేసారి జరగాలి.

మిగతా చాలామందిది రెండు పాదాల్లో సమంగా, మెల్లగా, నెలల మీద పెరిగే తిమ్మిరి. దానికి ఆగి ఆలోచించే వ్యవధి ఉంది. ఈ రకం తిమ్మిరిలో బయాప్సీ వల్ల చికిత్స మారడం అరుదు.

2. సులువుగా దొరికే కారణాలు నిజంగా వెతికారా?

కుష్ఠుతో మొదలుపెట్టాలి. మన జిల్లాల్లో ఇప్పటికీ కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి మొహమాటపడి చాలామంది చూపించుకోరు. వెలుతురులో బట్టలు తీసి వీపు, పిరుదులు, తొడల వెనక కూడా చూడాలి. పాలిపోయిన మచ్చ గానీ ఎర్రని మచ్చ గానీ ఉండి, దాని మీద దూది కొసతో తాకితే తెలియకపోతే, ఇక నరం కోయాల్సిన అవసరం దాదాపు ఉండదు. చర్మం పరీక్షతో తేలిపోతుంది. మచ్చ లేకుండా నరాలకే వచ్చే కుష్ఠు కూడా ఉంది. అందుకే డాక్టరు మోచేతి లోపలి గాడిలో, మోకాలి బయటి పక్క కిందుగా, చీలమండ లోపలి పక్క వెనక, మెడ పక్కన నరాలను వేలితో తడిమి రెండు వైపులా పోల్చి చూడాలి. ఒకవైపు తాడులా లావుగా తగిలినా, నొక్కితే నొప్పి పుట్టినా అది పెద్ద ఆధారం. ఎవరూ మీ మోచెయ్యి తడిమి చూడకుండానే బయాప్సీ దాకా వచ్చి ఉంటే, ముందు ఆ పని చేయమని అడగండి. కుష్ఠు మందులు పీహెచ్‌సీలో ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే జబ్బు నయమవుతుంది.

షుగరుకు పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి 2 గంటల తర్వాత చూసే పరీక్ష అయిందా? అందులో 200 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే షుగరు, 140 నుంచి 199 మధ్య ఉంటే షుగరుకు ముందు దశ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగరన్నది అందరికీ తెలుసు. అయితే రక్తహీనత, సికిల్ సెల్, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఆ అంకెను నమ్మలేం. సీతంపేట, పార్వతీపురం వైపు ఏజెన్సీ నుంచి వచ్చేవారు ఈ సంగతి డాక్టరుకు గుర్తుచేయాలి.

బి12 దగ్గర జరిగే పొరపాటు ఊరూరా ఒకటే. తిమ్మిర్లని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే నరాల బలానికని ఎర్రటి ఇంజెక్షన్లు వేస్తారు. తర్వాత పరీక్ష చేస్తే బి12 వెయ్యి దాటి కనిపిస్తుంది, లోపం లేదని రాసేస్తారు. ఇంజెక్షన్ పడ్డాక ఆ అంకెకు విలువ లేదు. ఎప్పుడు, ఎన్ని వేయించుకున్నారో తప్పకుండా చెప్పండి. మందు పడకముందు 200 పీకోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ ఆసిడ్ పరీక్షలతో తేల్చాలి. కిడ్నీ సరిగా లేనివారిలో ఈ రెండూ బి12 బాగున్నా పెరుగుతాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి, గ్యాస్ మాత్ర రోజూ మింగేవారికి, మాంసం గుడ్లు ముట్టనివారికి లోపం వచ్చే అవకాశం ఎక్కువ.

ఉద్దానం మనిషైతే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో చాలామందికి కిడ్నీ పాడవుతున్న సంగతి చివరిదాకా తెలియదు. కిడ్నీ బాగా దెబ్బతింటే పాదాల్లో తిమ్మిరి, మంట వస్తాయి. దానికి నరం కోసి చూసేదేమీ లేదు.

మందుల విషయానికి వస్తే, ఇంట్లో ఉన్న అన్ని చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, లినెజోలిడ్, ఎక్కువకాలం వాడిన మెట్రోనిడజోల్, ఫిట్స్ మందు ఫెనిటోయిన్, కేన్సర్ మందుల్లో కొన్ని నరాలను దెబ్బతీస్తాయి. బి6 రోజుకు వందల మిల్లీగ్రాముల చొప్పున నెలలపాటు మింగితే అదే తిమ్మిరి తెస్తుంది. ఊరు పేరు లేని భస్మాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉండొచ్చు. సారా, మద్యం ఎంత తాగుతారో దాచకుండా చెప్పండి. భార్య ముందు చెప్పలేకపోతే డాక్టరుకు విడిగా చెప్పండి.

ఇవి గాక సీబీసీ, ఈఎస్ఆర్, టీఎస్‌హెచ్, లివర్ పరీక్ష, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి కూడా అయి ఉండాలి. తరచూ వదిలేసేది సీరమ్ ప్రోటీన్ ఎలక్ట్రోఫోరిసిస్. ఇమ్యునోఫిక్సేషన్‌తో కలిపి చేయించాలి. ఎముక మజ్జలో కణాలు తప్పుడు ప్రోటీను తయారుచేస్తుంటే ఇందులో పట్టుబడుతుంది. ఆ జబ్బుల్లో కొన్నిటికి మంచి చికిత్స ఉంది. ఈ ఒక్క పరీక్ష లేకుండా "అన్నీ నార్మల్" అనడానికి లేదు.

పాదం వంపు బాగా ఎత్తుగా ఉందా, వేళ్లు కొక్కేల్లా ముడుచుకున్నాయా, అమ్మకో నాన్నకో తోడబుట్టినవాళ్లకో ఇలాంటి పాదాలున్నాయా చూడండి. మన వైపు మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువ. ఆ వివరం కూడా చెప్పాలి. వంశపారంపర్య జబ్బు అనిపిస్తే రక్తంతో చేసే జన్యు పరీక్ష చాలు.

3. నరాల పరీక్ష రిపోర్టు ఏమంటోంది?

ఎన్‌సీఎస్ అంటే కరెంటు తాకించి నరం వేగం, బలం కొలిచే పరీక్ష. రిపోర్టులో ఆఖరి వాక్యం మాత్రమే జిరాక్సు తీయించుకోకండి. అంకెల పట్టిక, గీతల కాగితాలు అన్నీ కావాలి. ఏసీ గదిలో చల్లబడిన పాదానికి చేస్తే నరం వేగం తప్పుగా తక్కువ చూపిస్తుంది. చర్మం 32 డిగ్రీలైనా ఉండాలి. పాదాలు చల్లగా ఉంటే వెచ్చబరిచి చేయమని అడగడం మీ హక్కు.

ఈ రిపోర్టులో బయాప్సీకి సంబంధించి చూడాల్సింది సూరల్ నరం అంకె. అది పూర్తిగా బాగుంటే ఆ నరం తీసి లాభం లేదు, జబ్బు అందులో లేదు. అది అసలు పలకకపోతే ఆ నరం పూర్తిగా చచ్చిపోయి, లోపల మచ్చకట్టిన పీచు మాత్రమే మిగిలి ఉండొచ్చు. అప్పుడూ కారణం దొరికే అవకాశం తగ్గుతుంది. కొంత దెబ్బతిని, కొంత బతికి ఉన్న నరం నుంచే జవాబు వచ్చే వీలు ఎక్కువ.

ఎన్‌సీఎస్ నార్మల్ వచ్చి, పాదాల్లో మంట, సూదులు గుచ్చినట్టు మాత్రం ఉంటే దెబ్బతిన్నవి సన్న నరాలు. ఈ పరీక్షకు అవి అందవు. అప్పుడు అడగాల్సింది చర్మం బయాప్సీ. చీలమండకు 10 సెంటీమీటర్ల పైన 3 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. కుట్టు అక్కర్లేదు, ఒకటి రెండు వారాల్లో మానిపోతుంది, స్పర్శకు నష్టం లేదు. కాకపోతే ఆ ముక్కలో నరాల కొసలను లెక్కపెట్టే ల్యాబు ఉండాలి. సన్న నరాలు తగ్గాయని ఈ పరీక్ష చెబుతుంది. ఎందుకు తగ్గాయో చాలాసార్లు చెప్పలేదు.

4. ఏ అనుమానానికి ఏ ముక్క

వాస్క్యులైటిస్ అనుమానం అయితే నరంతో పాటు కండరం ముక్క కూడా ఒకే కోతలో తీస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. దీనికి పిక్క కింది భాగంలో బయటి వైపు ఉండే సూపర్‌ఫిషియల్ పెరోనియల్ నరం, దాని పక్కనున్న పెరోనియస్ బ్రెవిస్ కండరం తీసుకుంటారు. కుష్ఠు అనుమానం అయితే లావెక్కిన చర్మపు నరాన్నే ఎంచుకోవాలి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నరం, లేదా సూరల్ నరం. మోచేతి దగ్గరి అల్నార్ లాంటి కండరాలను నడిపే నరాన్ని ఎంత లావుగా ఉన్నా కోయకూడదు, చెయ్యి చచ్చుబడుతుంది. అమిలాయిడ్, అంటే తప్పుడు ప్రోటీను నరాల్లో పేరుకునే జబ్బు, అనుమానం ఉంటే ముందు పొట్ట కొవ్వును సూదితో తీసి చూడొచ్చు. నరాల పై పొర వాచి దెబ్బతినే సీఐడీపీ అనే జబ్బును ఎక్కువగా ఎన్‌సీఎస్, వెన్ను నీటి పరీక్షలతోనే నిర్ధారిస్తారు. బయాప్సీ చాలా అరుదు.

మెడనరం, నడుము డిస్కు నొక్కుకోవడం, మణికట్టులో నరం నొక్కుకోవడం వల్ల వచ్చే తిమ్మిరికి నరం ముక్కతో ఏ సంబంధమూ లేదు.

5. కోసేవారి కన్నా చదివేవారు ముఖ్యం

సూరల్ నరం తీయడం సర్జన్లకు పెద్ద పని కాదు. పని అంతా ఆ తర్వాతే ఉంది. ముక్కను లాగకుండా, పట్టుకారుతో నొక్కకుండా, కాటరీ (రక్తం ఆపడానికి కాల్చే పరికరం) వేడి తగలకుండా తీయాలి. దాన్ని భాగాలు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లోకి, ఒకటి గ్లూటరాల్డిహైడ్‌లోకి పోతాయి, ఇవి ముక్క చెడకుండా ఉంచే ద్రవాలు. మూడోదాన్ని సెలైన్‌తో తడిపిన గుడ్డలో తడిగా ఉంచి, గడ్డకట్టించడానికి గంటల్లోనే ల్యాబుకు చేర్చాలి. మొత్తం ముక్కను ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి కొరియర్ చేస్తే సగం సమాచారం అక్కడే పోతుంది. నరం పొరల సంగతి చెప్పే పల్చటి ముక్కలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పరీక్ష అప్పుడు సరిగా రావు. పోయిన నరం మాత్రం పోయినట్టే.

అందువల్ల ఇంటికి దగ్గరని ఇక్కడే కోయించుకుని ముక్కను ఎక్కడికో పంపడం మా అభిప్రాయంలో మంచి బేరం కాదు. ఆస్పత్రిలో ఇలా అడగండి: "ముక్కను ఎవరు చదువుతారండీ? నరం బయాప్సీలు అక్కడ మామూలుగా చూస్తారా? గ్లూటరాల్డిహైడ్‌లో కూడా పెడతారా?" విశాఖలో సరైన జవాబు వస్తే అక్కడే చేయించుకోండి. లేకపోతే హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ లాంటి చోట న్యూరాలజీ, నరాల పాథాలజీ ఒకే ఆవరణలో ఉంటాయి. వెళ్లేముందు ఓపీ అపాయింట్‌మెంట్, ఎన్ని రోజులు ఉండాలో కనుక్కోండి. వెల్లూరుకైతే కాట్పాడిలో దిగాలి. డబ్బు విషయంలో ఆపరేషన్ ఖర్చు, పాథాలజీ ఖర్చు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఖర్చు విడివిడిగా చెప్పమనండి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

6. ఒప్పుకున్నాక

రక్తం పల్చబడే మందులు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపకండి. గుండెలో స్టెంటు ఉన్నవారికి ఆపడమే ప్రమాదం. స్టెరాయిడ్ మొదలైందా, ఎప్పుడు మొదలైంది అన్నది కూడా చెప్పాలి. వారాల తరబడి వాడాక తీసిన ముక్కలో వాపు ఆనవాళ్లు తగ్గిపోతాయి. కీళ్ల నొప్పులకని ఆర్ఎంపీ వేసిన ఇంజెక్షన్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పుండున్న కాలు, వాపున్న కాలు, నాడి సరిగా తగలని కాలు కోతకు పనికిరావు. షుగరు అదుపులో లేకపోతే వాయిదా వేయమని అడగండి.

మత్తు ఆ చోటికి మాత్రమే ఇస్తారు, మీరు మెలకువగానే ఉంటారు. అరగంట నుంచి గంటలో అయిపోతుంది. నరాన్ని కత్తిరించే క్షణంలో మత్తు ఉన్నా పాదంలోకి ఒక్క షాక్ కొట్టవచ్చు. ముందే తెలిస్తే కాలు విదిలించకుండా ఉంటారు. తీసేది 3 నుంచి 4 సెంటీమీటర్లు.

మొదటి రెండు రోజులు కూర్చున్నా పడుకున్నా కాలు దిండు మీద ఎత్తులో ఉండాలి. కుట్లు విప్పేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, తడి తగలకూడదు. చీలమండ దగ్గర చర్మం ప్రతి అడుగుకూ సాగుతుంది, అందుకే అక్కడ కుట్లు విచ్చుకుంటాయి. బడ్డీకొట్టు నడిపేవారైనా మొదటి వారం తక్కువగా నిలబడాలి. పొలం పని చేసేవారు ఉభాల (వరి నాట్ల) రోజుల్లో ఈ ఆపరేషన్ పెట్టుకోవద్దు. మూడు వారాలు బురదలో దిగకూడదు. ఆ సమయంలో ఇంట్లో కూర్చోవడం ఎవరివల్లా కాదని మాకు తెలుసు. తొందర లేని జబ్బయితే ఉభాలు, కోతలు అయ్యాక తేదీ తీసుకోండి. పసుపు, ఆకు పసరు, పొడులు గాయం మీద వేయకండి. ఎర్రబడి, వేడెక్కి, చీము, జ్వరం వస్తే వెంటనే చూపించాలి.

7. రిపోర్టు వచ్చాక

రెండు మూడు వారాలు పడుతుంది. వాస్క్యులైటిస్, కుష్ఠు, అమిలాయిడ్ అని స్పష్టంగా వస్తే దారి తేలినట్టే. "అక్షతంతువులు (నరంలోని పోగులు) తగ్గాయి, ప్రత్యేక కారణం కనబడలేదు" అన్న అర్థంలో వచ్చే రిపోర్టులూ చాలా ఉంటాయి. దానికి సిద్ధపడే వెళ్లాలి. వాస్క్యులైటిస్ నరమంతటా సమంగా ఉండదు, అక్కడక్కడ ఉంటుంది. కాబట్టి ముక్కలో కనబడకపోయినా లక్షణాలు బలంగా ఉంటే డాక్టరు చికిత్స మొదలుపెట్టవచ్చు. అది తప్పు కాదు. స్లైడ్లు, మైనపు బ్లాకులు మీకు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఇంకోచోట మళ్లీ చదివించాల్సి వస్తే ఇంకో నరం కోయించుకునే పని ఉండదు.

బయాప్సీ వద్దనుకుంటే

వద్దనడం చికిత్స మానేయడం కాదు. మంటకు, పోటుకు అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి బయాప్సీ లేకుండానే ఇస్తారు. ఇవి పోయిన స్పర్శను తేవు, బాధ తగ్గిస్తాయి. కిడ్నీ జబ్బున్నవారికి చివరి రెండింటి మోతాదు తగ్గించాలి, లేకపోతే మగతతో పడిపోతారు.

ఇంట్లో చేయాల్సింది ఒకటుంది. తిమ్మిరి ఎక్కడిదాకా ఉందో బాల్‌పెన్నుతో కాలి మీద గీత గీసి, తేదీ కనబడేలా ఫోన్లో ఫొటో తీసుకోండి. మూడు నెలలకోసారి కళ్లు మూసుకుని, ఇంకొకరితో దూదితో తాకించుకుని మళ్లీ గీయండి. గీత చీలమండ దాటి పిక్క మీదికి పాకినా, చేతివేళ్లలో మొదలైనా, మడమల మీద నిలబడి నడవలేకపోయినా, తిమ్మిరి ఒక వైపే వేగంగా పెరిగినా ఆగకుండా న్యూరాలజీకి వెళ్లండి. మార్పు లేకపోయినా 6 నెలలకు ఎన్‌సీఎస్ ఒకసారి, వీలైతే మొదటిసారి చేసిన చోటే చేయించి, పాత అంకెల పక్కన కొత్తవి పెట్టి చూపించండి.